వంకకు అవతలి ఇల్లు

శుక్రవారం పొద్దున లేచి ఫోను చూసుకుంటే మా పేట గ్రూపులో మామ ఫొటో ఉంది. తెల్లటోపీ, కొంచెం మూసుకున్నట్టుండే ఎడమ కన్ను, ఎవరేమడిగినా 'ఉండబ్బీ, రెండో పక్క గూడా చెప్తా' అనబోతున్నట్టుండే ఆ మొహం. ఫొటో కింద రెండే వాక్యాలు. మన పేట వాస్తవ్యులు, కువైట్‌లో చాలాకాలం పనిచేసి వచ్చిన పెద్దమనిషి, నిన్న చనిపోయారు. ఈరోజు జుమ్మా తర్వాత మన ఖబరస్తాన్‌లో మట్టి. చదివి మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. 'మన పేట వాస్తవ్యులు' అన్న మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాను. ఎందుకంటే కాగితాల ప్రకారం మామది మా పేట కాదు. కాకుండా పోవడానికి సరేనన్నది కూడా ఆయనే.

నాకు ఆయన మామ వరస ఎలా అయ్యాడో అడగొద్దు. ఆయన ముసల్మాను, నేను కాదు. మా నాయన ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. రాయచోటి వైపు వరసలు కలవడానికి అంతకంటే పెద్ద కారణాలు అక్కర్లేదు. నేను కువైట్‌లోనే, దజీజ్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్ని. ఆయన సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. గేటు పక్కనే ఆయన గది. ఒక మంచం, ఒక చాప, కిటికీలో ఏసీ. ఆ గదిలో మా పేటవాళ్ళం శుక్రవారాలు కూడేవాళ్ళం.

శుక్రవారం మధ్యాహ్నం కువైటీలు పిల్లాజెల్లాతో పెద్దవాళ్ళ ఇంటికి భోజనానికి పోతారు. మామ జుమ్మా నమాజు చేసుకుని, తన ఇంటివాళ్ళను అక్కడ దింపేసి, బండి తెచ్చి గేటు ముందు పెట్టేవాడు. మళ్ళీ ఫోను వచ్చేదాకా ఆయన రాజు. అదే ఇంట్లో వంటపని చేసే నారాయణమ్మక్క కూడా మా పేట మనిషే. లోపలినుంచి పళ్ళెంలో అన్నం, ఖర్జూరాలు, చిన్న గాజు గ్లాసుల్లో టీ తెచ్చి గడప దగ్గర పెట్టి, అక్కడే నిలబడి మా మాటలు వినేది. లోపలికి వచ్చి కూర్చునేది కాదు, పోయేదీ కాదు.

మామ మాటకు ఒక పద్ధతి ఉండేది. ఏ సంగతైనా రెండు వైపులా చెప్పందే ఆయనకు తిన్నది అరిగేది కాదు. 'అవును' వైపు చెప్పాలంటే కిటికీ కింద మంచం మీద కూర్చునేవాడు. 'కాదు' వైపు చెప్పాలంటే లేచి, దిండు చంకలో పెట్టుకుని, తలుపు దగ్గర చాప మీదకు మారేవాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, లేవడానికి గోడ పట్టుకోవాలి. కూర్చున్న చోటినుంచే చెప్పొచ్చు కదా మామా అంటే ఒప్పుకునేవాడు కాదు. "జాగా మార్చినాకనే మాట మార్చాల. ఈడనే కూచోని రెండు మాటలు చెప్తే మీరు నన్ను మాటమీద నిలబడని మనిసి అంటారు," అనేవాడు.

ఇంకో అలవాటు. మాట మధ్యలో ఫోను మోగి, అవతలినుంచి ఇంటి యజమానురాలు 'యల్లా', అంటే ఇక బయల్దేరు, అనగానే, నోట్లో ఉన్న వాక్యం సగంలో వదిలేసి తాళాలు తీసుకుని పోయేవాడు. మరుసటి శుక్రవారం వచ్చి, పోయిన వారం ఎక్కడ కూర్చుని ఉన్నాడో అక్కడే కూర్చుని, ఆ సగం వాక్యం పూర్తి చేసేవాడు. మేము ఎప్పుడో మర్చిపోయిన వాక్యం అది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నేనే వారమంతా ఆ మిగతా సగం ఏమై ఉంటుందా అని ఆలోచించేవాణ్ణి.

ఊరి అడ్రసులు కూడా ఆయన కువైట్ పద్ధతిలోనే చెప్పేవాడు. ఇక్కడ ఏ ఇల్లు చెప్పాలన్నా పేట పేరు, ఖితా, వీధి, ఇంటి నంబరు చెబుతారు. ఖితా అంటే పేటలో ఒక భాగం. మామ మా పేటను కూడా అలా ఖితాలు చేసేశాడు. మసీదు ఉన్నది ఖితా ఒకటి. రామాలయం, రేషన్ షాపు ఖితా రెండు. 'మీ చిన్నాయన ఇల్లు ఖితా రెండు, వేపచెట్టు షారె' అనేవాడు. షారె అంటే వీధి. ఆయన ఇల్లు ఏ ఖితా అని ఎవరైనా ఆటపట్టిస్తే మాత్రం ఎడమ కన్ను ఇంకాస్త మూసి, "నాది వంకకు అవతల. దానికి ఖితా ల్యా," అనేవాడు.

వంక అంటే వానలప్పుడు మాత్రమే పారే వాగు. మా పేటకూ టౌనుకూ మధ్య ఉండేది అదే. దానిమీద వంతెన. వంతెన దిగి టౌను వైపు అడుగు పెట్టగానే మొదటి ఇల్లు మామది. ఇల్లు అవతల ఉన్నా ఆయన అన్నదమ్ములు, మసీదు, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఇవతలే. ఆ ఇంటిని ఎవరూ టౌను ఇల్లు అనుకోలేదు. అనుకోవాల్సిన రోజొకటి వస్తుందని కూడా అనుకోలేదు.

పేట పెరిగింది. కువైట్ సంపాదనతో మేడలు లేచాయి. అప్పటిదాకా మేము టౌను మున్సిపాలిటీలో చివరి వార్డులం. పన్ను అందరితో పాటు కడతాం. నీళ్ళు మాత్రం టౌనంతా తిరిగి చివరికి మా దాకా వస్తాయి, ఎండాకాలం అయితే రావు. అప్పుడే ఒక మాట పుట్టింది. మనం విడిపోయి మనమే ఒక పట్టణం అయిపోతే? మన ఆఫీసు, మన ట్యాంకు, మన పన్ను మనకే. సర్కారు కూడా పేటలో సభ పెట్టి, చేతులెత్తించి జనం అభిప్రాయం అడుగుతుందని కబురు వచ్చింది. సరిహద్దు ఎక్కడంటే, ఎవరైనా చెప్పేది ఒకటే, వంక. అంటే మామ ఇల్లు బయట.

ఇది మాకందరికీ మొదటిరోజే తెలుసు. మామకూ తెలుసు. అయినా ఈ విషయంలో మంచిచెడులు తేల్చమని మేము అడిగింది ఆయన్నే. ఇప్పుడు తలుచుకుంటే ఎంత మొండిధైర్యం మాది అనిపిస్తుంది.

ఆ చలికాలం శుక్రవారాలన్నీ దానికే పోయాయి. మామ మంచం మీద కూర్చుని వేరుపడాలి అని చెబుతుంటే మాకు అప్పుడే వీధుల్లో దీపాలు వెలిగినట్టుండేది. పుట్టిన కాగితం కోసం వంతెన దాటి పోయే పని ఉండదు. మన వీధి మురుగు మన మనిషినే అడగొచ్చు. పన్ను ఎక్కడ ఖర్చయిందో నిలదీయొచ్చు. అంతా చెప్పి, మేము తలలూపుతుండగా, దిండు తీసుకుని చాప మీదకు వచ్చేవాడు. నీళ్ళ మోటారు యాడుండాది? టౌనులో. చెత్త పోసే జాగా? టౌనులో. చెత్త ట్రాక్టరు ఎవరిది? దుకాణాలన్నీ అక్కడుంటే మన పన్ను ఏమాత్రం వస్తుంది, జీతాలు ఎవరిస్తారు? అప్పుడు ఇంటిపన్ను పెంచక ఏం చేస్తారు?

టైల్స్ పని చేసే సుబ్బరాయుడు ఉండేవాడు. మాలో అందరికంటే దూకుడు. సల్వానే చూడు మామా, దీనికి సొంత ఆసుపత్రి, సొంత పోలీసు స్టేషను, సొంత జమియా దుకాణం ఉన్నాయి కదా, మనకెందుకుండకూడదు అనేవాడు. మామ చాప మీదనుంచి కదలకుండా, "సల్వాకు అన్నీ ఉండాయి గానీ సల్వా వేరే ఊరు కాదబ్బీ. సముద్రం నీళ్ళు మంచినీళ్ళు చేసి పంపేది ఒగే సర్కారు. రేపు సల్వా నేను వేరు అంటే నీళ్ళెవుర్ని అడగాల?" అన్నాడు. మళ్ళీ వెంటనే, ఇది కాదు వైపు మాట మాత్రమేననీ, మంచం మీదకు పోయాక దీనికి జవాబు చెబుతాననీ అన్నాడు. అంతలో ఫోను మోగింది. ఆ జవాబు కోసం వారం రోజులు ఆగాం.

పేట పటం గీయడానికి ఆయనకు కాగితం అక్కర్లేదు. తిన్న ఖర్జూరాల గింజలను నేల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ మీద వరసగా పేర్చేవాడు. అదే వంక. గింజలకు ఇవతల మా గ్లాసులు మా ఇళ్ళు. ఆయన గ్లాసు గింజలకు అవతల, ఒంటరిగా. సుబ్బరాయుడు ఏమీ ఎరగనట్టు ఆ గ్లాసు తీసి ఇవతల పెట్టేవాడు. మామ తీసి మళ్ళీ అవతల పెట్టేవాడు. టీ తాగేటప్పుడు కూడా చెయ్యి చాపి తెచ్చుకుని, తాగి, మళ్ళీ అవతలే పెట్టేవాడు. ఇది ప్రతివారం జరిగేది. ఒకరోజు నారాయణమ్మక్క గడప దగ్గరనుంచే, ఆ గీతనే కాస్త అవతలికి జరపమని అడగొచ్చు కదన్నా అంది. మామ నవ్వాడు. "ఒగిల్లు కోసరం గీత వంకర పోతే పక్కిల్లు గూడా అడుగుతాదమ్మా. దాని పక్కిల్లు గూడా. కడాకు టౌనంతా మనలోకే వస్తాది, ఇంగ వేరు పడింది ఎవురినుంచి?" అన్నాడు. మేమంతా నవ్వాం. అక్క మాత్రం నవ్వలేదు.

ఆమె నవ్వకపోవడానికి కారణం ఉంది. ఆమె అత్త, కూతురు ఎండాకాలమంతా ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడేవాళ్ళు. ట్యాంకరు టౌను దాటి వంతెన ఎక్కేసరికి అడుగున ఉన్న నీళ్ళే మిగిలేవి. మేము పన్నులూ ఆఫీసులూ మాట్లాడుతుంటే ఆమెకు వినబడేది ఆ బిందెల చప్పుడే. ఒకసారి విసుగొచ్చి, "చెయ్యెత్తేది ఇండ్లకాడ ఆడోళ్ళు. మీరు ఈడ గొంతులెత్తుతాండారు," అని పళ్ళెం తీసుకుని పోయింది. అది నిజం. సభకు పోయేది వాళ్ళే. మగవాళ్ళలో సగంమంది ఇక్కడ ఉంటే అక్కడ ఎవరు పోతారు?

సుబ్బరాయుడు చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. మనది వేరే పట్టణం అయితే సల్వాలో మాదిరి మనకూ జమియా వస్తుందని ఇంటికి ఫోను చేసి చెప్పేశాడు. ఇక్కడ జమియా అంటే ఆ పేటవాళ్ళే వాటాదారులుగా ఉండే పెద్ద దుకాణం. ఏడాది చివర్లో వాటా ఉన్న ఇళ్ళకు లాభం కూడా పంచుతారు. వాడు ఇరవై ఏళ్ళప్పుడు కువైట్ వచ్చినవాడు. మన ఊళ్ళో మున్సిపాలిటీ ఏం చేస్తుందో వాడెప్పుడూ చూడలేదు. వాడికి తెలిసిన పట్టణం సల్వానే. వాళ్ళావిడ ఆ మాట కుళాయి దగ్గర చెప్పింది. కుళాయి దగ్గర చెప్పిన మాట ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. సభకు ముందు సంగతులు వివరించడానికి వచ్చిన అధికారిని ఆడవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, జమియా ఎప్పుడు పెడతారని. ఆయనకు ఆ మాటే తెలియదు. పక్కనున్న గుమాస్తాను అడిగాడు, గుమాస్తా తల గోక్కున్నాడు.

ఈ కథ మాకు చేరిన శుక్రవారం సుబ్బరాయుడు తలెత్తలేదు. మామ వాణ్ణి తిట్టలేదు. వాడి ఫోను తీసుకుని వాళ్ళావిడకు తనే నిదానంగా చెప్పాడు. జమియా రాదమ్మా, లాభం పంచరు, పన్ను పెరిగినా పెరుగుతుంది, ట్యాంకు కడతారు గానీ మొదటి ఎండాకాలానికి అందుతుందో లేదో చెప్పలేం, ఇవన్నీ తెలిసి ఇష్టమైతేనే చెయ్యెత్తండి, మిగతావాళ్ళకు కూడా చెప్పు అన్నాడు. మాకందరికీ నీరసం వచ్చింది. మంచం మీద కూర్చుని ఆయన కట్టిన పట్టణాన్ని ఆయనే కూల్చినట్టు అనిపించింది. అయినా, అలా చెప్పినందుకే మా ఆడవాళ్ళు ఆయన మాట నమ్మారని తర్వాత తెలిసింది.

సభ కూడా శుక్రవారమే పడింది. మేము అన్నాలు తింటుండగా మామ ఫోను మోగింది. యజమానురాలు కాదు, ఊరినుంచి అత్త, మామ భార్య. బడి ఆవరణలో ఉన్నానంది. వెనక మైకు గోల. వాళ్ళిద్దరూ ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. ఆరోజు మేమంతా చెవులు రిక్కించి ఉన్నామని చూసి మామ స్పీకరు పెట్టి తెలుగులో మాట్లాడాడు. అత్త కూడా తెలుగే అందుకుంది.

"చేతులెత్తమంటాండారు. నన్నేం చెయ్యమంటావు?"

"నీకేమనిపిస్తాది?"

"గీత వంకకాడనే అంట. మనిల్లు అవతల పడతాది. మసీదు ఈపక్క, మీ అన్నోళ్ళు ఈపక్క. మనమొక్కరం ఆడ ఏంజేస్తాం?"

మామ అప్పుడు మంచం మీద ఉన్నాడు. దిండు తీసుకుని లేచాడు. చాప మీదకు వస్తాడనుకున్నాం. రాలేదు. గది మధ్యలో, మంచానికీ చాపకూ నడుమ వట్టి గచ్చు మీద కూర్చున్నాడు. అక్కడ ఆయన కూర్చోవడం నేను అదొక్కసారే చూశాను. సుబ్బరాయుడు గ్లాసు వైపు చూస్తున్నాడు. గడప దగ్గర నారాయణమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"బిందెలు పట్టుకోని నిలబడేది వాళ్ళు," అన్నాడు మామ. "మనకు టౌను కొళాయి వస్తానే ఉండాది. మనిల్లు ఒగటి చూసుకోని వాళ్ళందర్నీ ఆపేదెట్ల? ఎత్తు."

కాసేపు మైకు గోలే వినబడింది. తర్వాత అత్త "ఎత్తినా," అంది. ఫోను పెట్టేసింది. నాకు ఆ క్షణాన మామ మీద కోపం వచ్చింది. మాలో ఎవరి తరఫున అయినా రెండు వైపులా వాదించే మనిషి, తన తరఫున ఒక్క మాట కూడా అడగలేదే అని. అంతలో మళ్ళీ ఫోను. ఈసారి యల్లానే. తాళాలు తీసుకుని పోయాడు. ఆ శుక్రవారం సగంలో వదిలేసిన వాక్యం ఏదీ లేదు.

పేట పట్టణం అయింది. కొంతకాలానికి మామ కూడా ఇక్కడ ఖలాస్ చెప్పి ఊరికి పోయాడు. పోతూపోతూ తన పనిలో మా పేటవాడినే ఇంకొకణ్ణి పెట్టించాడు, గది మా చేతుల్లోంచి పోకుండా.

నేను ఆ తర్వాతి ఎండాకాలం సెలవుకు పోయాను. వంతెన మీద మా పట్టణం పేరుతో కొత్త బోర్డు, స్వాగతం అని. బోర్డు చూసి ఛాతీ పొంగిన మాట నిజం. పేటలోకి పోయి చూస్తే పొంగింది కాస్తా సగం తగ్గింది. ఆఫీసు బాగుంది, చేరువలో ఉంది, పోయి అడిగితే పలుకుతున్నారు. ఇంటిపన్ను పెరిగింది. టౌను ట్రాక్టరు రావడం మానేసింది, మన ట్రాక్టరు ఇంకా రాలేదు. ట్యాంకు మెడదాకా లేచి ఆగింది. టౌను ట్యాంకరు మన గీత దాటి రాదు. మామ చాప మీద కూర్చుని చెప్పినవన్నీ జరిగాయి, మంచం మీద చెప్పినవి కొన్ని జరిగాయి.

మరి నీళ్ళు? సాయంత్రం వంతెన దగ్గరకు పోతే కనబడింది. పేట ఆడవాళ్ళు బిందెలతో వంతెన దాటి మామ ఇంటికి పోతున్నారు. టౌను కుళాయి ఆయన గుమ్మంలో ఉంది. పేట గీత బయటికి పోయాక ఆ లైనులో నీళ్ళు ఇంకా బాగా వస్తున్నాయట. అత్త గేటు తీసి పెట్టి, బిందె నిండగానే పక్కకు జరుపుతోంది. వరసలో నారాయణమ్మక్క కూతురు కూడా ఉంది. మామ ఎదురుగా అరుగు మీద దిండుతో సహా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, అబ్బీ అని చెయ్యి ఊపాడు.

రోజూ పొద్దున మసీదుకు, టీకి ఇవతలికి వస్తాడట. మీ ఊరికి ఇఖామా లేకుండా వచ్చిపోతున్నానని టీ అంగట్లో హాస్యమాడుతుంటాడట. కువైట్‌లో అన్నేళ్ళు ఇఖామా అనే నివాస అనుమతి కాగితం మీద బతికిన మనిషి, ఇంటికొచ్చి కూడా పరాయివాడిగానే మిగిలాడే అని నాకు కష్టంగా ఉండింది. ఉండబట్టలేక అనేశాను. చెయ్యెత్తించి తప్పు చేశామా మామా అని అడిగాను.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. దిండు తీసుకుని అరుగు రెండో చివరకు పోయి, కుళాయి కనబడేలా కూర్చున్నాడు.

"అవతల మనోడు ఒగడుండాల గదా అబ్బీ," అన్నాడు.

అదే ఆయన్ని చివరిసారి చూడటం. ట్యాంకు పూర్తయి పేటకు నీళ్ళొచ్చింది ఈ ఏడే. వంతెన మీద బిందెలు ఆగిపోయాయని, మామకు సాయంత్రాలు తోచడం లేదని అత్త చెప్పిందట.

ఈరోజు మధ్యాహ్నం మేమంతా సల్వా గదికి పోయాం. పోవాలని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. మేము కూర్చున్న కాసేపటికి గ్రూపులో ఫొటోలు వచ్చాయి. జనాజా వంతెన మీద ఉంది. అవతలినుంచి ఇవతలికి మోసుకొస్తున్నారు. భుజం పట్టినవాళ్ళలో టోపీలున్నవాళ్ళూ ఉన్నారు, బొట్లున్నవాళ్ళూ ఉన్నారు. ఈ చివర, స్వాగతం బోర్డు కింద, పేట ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. మామూలుగా మావైపు ఆడవాళ్ళు ఖబరస్తాన్ దారికి రారు. అందుకే అక్కడిదాకా వచ్చి ఆగినట్టున్నారు. మట్టి కాగితంలో ఆయన్ని మన పట్టణంవాడని రాయాలా వద్దా అని మా ఆఫీసులో ఎవరూ అడగలేదట. సుబ్బరాయుడు ఆ ఫొటో చూస్తూ బాహాటంగా ఏడ్చాడు.

నారాయణమ్మక్క టీ తెచ్చింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి, ఆయన ఆరోజు కూర్చున్న గచ్చు మీదే కూర్చుంది. మనిషికో గ్లాసు ఇచ్చాక పళ్ళెంలో ఒకటి మిగిలింది. సుబ్బరాయుడు ఖర్జూరపు గింజలను ప్లాస్టిక్ గుడ్డ మీద వరసగా పేర్చాడు. అక్క ఆ మిగిలిన గ్లాసు తీసి గింజలకు ఇవతల, మా గ్లాసుల నడుమ పెట్టింది.

మేమంతా దానివైపే చూస్తూ కూర్చున్నాం. కొత్త డ్రైవరుకు ఫోను వచ్చింది, యల్లా అని. వాడు తాళాలు తీసుకుని పోయాడు. టీ చల్లారిపోయింది. గ్లాసు తీసి మళ్ళీ అవతల పెట్టేవాళ్ళు మాలో ఎవరూ లేరు.